దహాడ్: హత్యల మిస్టరీలో కులం, కట్నం, పోలీసు ఫైలు ఎక్కడ పనిచేశాయి, ఎక్కడ అతికించినట్టున్నాయి?

మరుభూమి:

ముందే చెప్తున్నా, హంతకుడెవరో, చివరికి ఏమవుతుందో అన్నీ ఇక్కడ వస్తాయి. ఎనిమిది ఎపిసోడ్లూ చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి.

2023 మే 12న ప్రైమ్ వీడియోలో వచ్చిన సిరీస్ ఇది. సృష్టికర్తలు రీమా కాగ్తీ, జోయా అఖ్తర్. దర్శకత్వం రీమా కాగ్తీ, రుచికా ఒబెరాయ్. అంతకుముందు ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో సిరీస్‌ల పోటీకి వెళ్ళింది. కథ రాజస్థాన్‌లోని మండావా స్టేషన్లో నడుస్తుంది. ఎస్‌ఐ అంజలి భాటీ (సోనాక్షీ సిన్హా) దళిత మహిళ. పబ్లిక్ టాయిలెట్లలో, లోపల గడియ పెట్టి ఉన్న తలుపుల వెనక, పెళ్ళికూతుళ్ళలా తయారైన ఆడవాళ్ళు శవాలై దొరుకుతుంటారు. ఒక్కో శవం ఒక్కో ఊళ్ళో. ప్రతి స్టేషనూ దాన్ని ఆత్మహత్య అని రాసేసి ఫైలు కట్టేస్తుంది.

హంతకుడు ఆనంద్ స్వర్ణకార్ (మన హైదరాబాదీ విజయ్ వర్మ) అని తొలి ఎపిసోడ్లలోనే తెలిసిపోతుంది. అందుకని ఎవరు చంపారన్నది పెద్ద ప్రశ్న కాదిక్కడ. ఇరవైమందికి పైగా ఆడవాళ్ళు పోతే ఒక్కరికీ అనుమానం ఎందుకు రాలేదన్నదే ప్రశ్న. కులం, కట్నం ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చిన ప్రతిచోటా కథ బిగిసింది. "ఇదిగో వివక్ష" అని విడిగా సీను వేసి చూపించిన చోట పలచబడింది. నా వాదన ఇదే. ఒప్పుకోనివాళ్ళు సీను పేరు పెట్టి చెప్పండి.

పంచనామా:

ముందు ఆ గడియ సంగతి. మామూలు మిస్టరీల్లో లోపల గడియ పెట్టిన గది అంటే ఏదో యంత్రమో దారమో ఉంటుంది. ఇందులో అలాంటిదేమీ లేదు. గడియ పెట్టుకున్నది చనిపోయిన మనిషే. సయనైడ్ ఉన్న మాత్రను గర్భం రాకుండా వేసుకునేదని చెప్పి ఆనంద్ ఇచ్చాడు, పెళ్ళి కాకుండానే గడిచిన రాత్రి కదా, నలుగురిలో వేసుకోలేదు. తనే లోపలికెళ్ళి గడియ వేసుకుని మింగింది. హంతకుడు అక్కడ ఉండక్కర్లేదు. అతనికి కావలసిందల్లా ఆమె సిగ్గు. సమాజం నేర్పిన ఆ భయమే అతని సాక్ష్యాన్ని చెరిపేస్తోంది. సామాజిక అంశం కథకు ఇరుసుగా పనిచెయ్యడం అంటే నా లెక్కలో ఇదే.

అగ్గిపుల్ల:

అదంతా బాగానే ఉంది గానీ, మొదటి ఎపిసోడ్‌లో ఠాకూర్ల అమ్మాయి, ముస్లిం అబ్బాయి, ఆ గుంపులు, నినాదాలు... అదెందుకండీ? అప్పటి వార్తల్లో నలుగుతోందని ఇరికించినట్టు లేదూ?

స్టేషన్‌రైటర్:

ఇరికించింది కాదు అగ్గిపుల్ల గారూ. ఆ ముక్క తీసేస్తే కేసే మొదలవ్వదు. క్రమం చూడండి.

కృష్ణ అనే అమ్మాయి కనపడటం లేదని ఆమె అన్న మురళి స్టేషన్ చుట్టూ తిరుగుతాడు. పేదవాడు, దళితుడు. ఎవరూ పట్టించుకోరు. అదే సమయంలో పెద్దింటి ఠాకూర్ల అమ్మాయి ఒక ముస్లిం అబ్బాయితో వెళ్ళిపోతే స్టేషన్ మొత్తం పరుగులు పెడుతుంది. అది చూసి మురళి, తన చెల్లెల్ని కూడా ముస్లిం అబ్బాయే తీసుకుపోయాడంటాడు. అప్పుడు కదులుతుంది ఫైలు.

దీని వెనక చట్టం లెక్క కూడా ఉంది. మేజరైన మనిషి "ఇంట్లోంచి వెళ్ళిపోయింది" అంటే అందులో నేరం లేదు. చాలా రాష్ట్రాల్లో గుమ్‌షుదగీ (మనిషి తప్పిపోయిన) రిపోర్టు రాసి, డైరీలో ఎక్కించి, ఫోటో పక్క స్టేషన్లకు పంపి ఊరుకుంటారు. "ఫలానావాడు ఎత్తుకుపోయాడు, బలవంతంగా పెళ్ళి చేసుకుంటాడు" అంటే అప్పటి ఐపీసీ 366 కింద కాగ్నిజబుల్ (వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ) నేరం. లలితా కుమారి కేసులో 2013 నవంబరు 12న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పినదాని ప్రకారం కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. అంటే మురళి చెప్పిన అబద్ధం డైరీ ఎంట్రీని ఎఫ్‌ఐఆర్ దాకా లాక్కెళ్ళే అబద్ధం. పైగా దాని వెనక గుంపు ఉంది. రాసినవాళ్ళకు స్టేషన్ నడక బాగా తెలుసు.

మైనరైతే లెక్క వేరు. పిల్లలు తప్పిపోతే ఎత్తుకుపోయినట్టే భావించి ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హంతకుడు ఎంచుకున్నవాళ్ళంతా పెళ్ళీడు దాటుతున్న మేజర్లు. ఆ సందులోనే దూరాడు.

మరుభూమి:

దానికి తోడు, ఇది రచయితల ఊహ కూడా కాదు. సిరీస్‌కీ కర్ణాటక మోహన్ కుమార్ కేసుకీ పోలికలున్నాయని వచ్చినప్పుడే అందరూ అన్నారు. అతను ప్రైమరీ స్కూల్ టీచరుగా చేసినవాడు. ఇరవైమంది ఆడవాళ్ళను సయనైడ్‌తో చంపినట్టు అభియోగం. శవాలు బస్టాండ్ టాయిలెట్లలో దొరికాయి. 2009లో బంట్వాళ దగ్గరి బరిమారు అమ్మాయి అనిత కనపడకపోయినప్పుడు అక్కడా ముందు పుట్టిన పుకారు ముస్లిం యువకుడితో వెళ్ళిపోయిందనే. ఆ గొడవతోనే పోలీసుల మీద ఒత్తిడి వచ్చింది, ఫోన్ రికార్డులు తీశారు, ఒక నంబరు పట్టుకుని వెళ్తే ఇంకో మాయమైన అమ్మాయి తేలింది. 2013 డిసెంబరులో మంగళూరు కోర్టు అనిత కేసులో ఉరిశిక్ష వేసింది, తర్వాత హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది.

ఒక తేడా గమనించండి. అసలు కేసులో నగల దోపిడీ స్పష్టంగా ఉంది. సిరీస్ ఆ కోణాన్ని వెనక్కి నెట్టి ఆనంద్ బాల్యం, తండ్రి, ఆడవాళ్ళ మీద కసి అంటూ మనస్తత్వం వైపు పోయింది. నా మటుకు అది నష్టమే. పేదింటి అమ్మాయి ఒంటి మీద ఉన్న కాస్త బంగారం కోసం చంపేవాడిలో ఆ సమాజం ఎక్కువ కనిపిస్తుంది.

నీలిజెండా:

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అంజలి ఇంటిపేరు.

ఆమెది మేఘ్‌వాల్ కుటుంబం. రాజస్థాన్‌లో అది ఎస్సీ కులం. వివక్ష తప్పించుకోడానికి పెట్టుకున్న పేరు భాటీ. అది రాజ్‌పుత్ వంశం పేరు. చివర ఆమె మళ్ళీ మేఘ్‌వాల్ అని మార్పించుకుంటుంది. దీన్ని చాలామంది "ముగింపు బాగుంది" అని వదిలేశారు. కానీ మొదటినుంచీ చూస్తే ఆ పేరు ఆమెను ఎక్కడా కాపాడలేదు. రిజర్వేషన్‌లో ఉద్యోగమొస్తే కుల ధ్రువపత్రం సర్వీసు రికార్డులో ఉంటుంది. అది తండ్రి కులాన్ని బట్టి ఇస్తారు, ఇంటిపేరును బట్టి కాదు. అంటే రోడ్డు మీద జనానికి భాటీ, స్టేషన్‌లో రైటరు దగ్గర్నించి అందరికీ మేఘ్‌వాల్. ఆమె ముందునుంచి నడిచి వెళ్ళగానే అగరొత్తి వెలిగించే ఆ సహోద్యోగికి కులం ఎలా తెలుసని కొందరు అడిగారు. ఆఫీసులో తెలియకపోవడం అనేదే ఉండదు.

సిరీస్ మొత్తంలో నాకు గొప్పగా అనిపించిన ప్రాతినిధ్యం ఆ అగరొత్తే. మాట లేదు, తిట్టు లేదు, రుజువూ లేదు. ఫిర్యాదు చేస్తే "దేవుడికి వెలిగించాను మేడమ్" అంటాడు. చట్టం సంగతి స్టేషన్‌రైటర్ గారు చెప్పాలి.

స్టేషన్‌రైటర్:

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989. సెక్షన్ 3(1)(ఆర్): పబ్లిక్‌కి కనపడే చోట, అవమానించాలనే ఉద్దేశంతో అవమానించడం. కులం పేరు పెట్టి తిట్టడం దాని పక్కనే 3(1)(ఎస్). అగరొత్తి కేసులో తిట్టు లేదు కాబట్టి (ఎస్) రాదు, (ఆర్) కిందకే రావాలి. స్టేషన్ హాలు నలుగురు తిరిగే చోటే, అక్కడ ఇబ్బంది లేదు. చిక్కంతా ఉద్దేశం దగ్గర. ఒక్కసారి వెలిగిస్తే ఏమీ లేదు. ఆమె దాటిన ప్రతిసారీ, ఆమె దాటినప్పుడు మాత్రమే వెలిగిస్తున్నాడని చెప్పే సాక్షి కావాలి. ఆ సాక్షి అదే స్టేషన్ సిబ్బంది అయ్యుండాలి. ఎవరు చెప్తారు? దర్శకులు దాన్ని పదేపదే చూపించింది నవ్వించడానికి కాదు. ఆ వరస తెలిసిన సాక్షి ప్రేక్షకుడొక్కడే.

ఇల్లు సోదా చెయ్యడానికి వెళ్తే అంజలిని కులం చూసి గుమ్మంలో ఆపేసే సీను వేరు. అక్కడ రాజ్యాంగం 17వ అధికరణం ఉంది, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఉంది, డ్యూటీలో ఉన్న అధికారిని అడ్డుకున్నందుకు ఐపీసీ 186 ఉంది. అంజలికి చేతిలో బలం ఎక్కువ, అందుకే గట్టిగా మాట్లాడగలిగింది. నాలుగు గోడల మధ్య జరిగిన అవమానం "పబ్లిక్‌కి కనపడే చోటు" కిందకు రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుమ్మం బయటా లోపలా అన్న తేడా నిజంగా తేడానే.

రీల్‌కత్తెర:

ఆ గుమ్మం సీను మీద మరుభూమి గారితో ఒప్పుకోను. "విడిగా సీను వేసి చూపించిన చోట పలచబడింది" అన్నది దాన్నుద్దేశించే అనుకుంటా. రాజ్యాంగం గురించి ఆమె చెప్పే మాటలు ప్రసంగంలా ఉన్నాయి, నిజమే. కానీ పోలీసు సిరీస్‌లో యూనిఫారమ్‌లో ఉన్న దళిత మహిళ, వారంటుతో, తల ఎత్తి ఆ మాట అనడం హిందీ తెర మీద ఎన్నిసార్లు చూశాం? ప్రతి సీనూ క్లూ అందించాలనడం అన్యాయం.

పైగా ఆ సీను దర్యాప్తులో పని చేస్తోంది కూడా. వెనక్కి తగ్గితే సోదా ఆగిపోయేది.

మరుభూమి:

సీను ఉండకూడదనలేదండీ. అంత వివరంగా మాట్లాడించాక అదే ధోరణి మిగతా చోట్ల కూడా పాకింది. అంజలి పెళ్ళి గురించి తల్లి పోరు పెట్టే సన్నివేశాలు లెక్కపెట్టండి, దాదాపు ఒకే మాట తిప్పి తిప్పి. చివరికి అంజలి చనిపోయిన అమ్మాయిల ఫోటోలు తల్లి ముందు పరిచి, వీళ్ళంతా పెళ్ళి కోసమే పోయారని చూపిస్తుంది. ఆ ఒక్కటి చాలు. ఫోటోలు అంటే కేసు ఫైలే కదా, మళ్ళీ ఫైలే మాట్లాడింది.

విసెరా:

ఫోరెన్సిక్ వైపు ఎవరూ రాలేదు కాబట్టి నేను.

"పోస్ట్‌మార్టంలో సయనైడ్ తెలియదా?" అని సిరీస్ చూసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న. తెలియకపోవడానికి దారులు బోలెడు. చేదు బాదం వాసన పుస్తకాల్లో రాసినంత సులువు కాదు, పుట్టుకతోనే ఆ వాసన పట్టలేనివాళ్ళు చాలామంది. చర్మం మీద లేత ఎరుపు మచ్చలు పడాలి, ఎండలో టాయిలెట్లో ఒకటి రెండు రోజులు పడి ఉన్న శవం కుళ్ళడం మొదలైతే అవీ కనపడవు. సయనైడ్ ఆవిరైపోయే విషం. కడుపు, అందులోని పదార్థం, కాలేయం ముక్క, రెండు మూత్రపిండాల్లో సగం సగం, రక్తం సీసాల్లో గట్టిగా మూసి త్వరగా ల్యాబుకి పంపాలి. రక్తానికి సోడియం ఫ్లోరైడ్ కలపాలి. నెలల తరబడి స్టేషన్ మాల్‌ఖానాలో (కేసు వస్తువులు దాచే గదిలో) పడి ఉన్న సీసాలో ఏం దొరికినా దొరక్కపోయినా లాయరు దాన్ని కొట్టేస్తాడు, ఎందుకంటే కుళ్ళేటప్పుడు శరీరంలోనే కొద్దిగా సయనైడ్ పుట్టొచ్చు, ఉన్నది పోనూ వచ్చు.

అన్నిటికంటే పెద్ద తప్పు కాగితం మీద జరుగుతుంది. ల్యాబుకి పంపే ఫారంలో ఏ విషం వెతకాలో రాయాలి. "విషం అనుమానం" అని ఊరికే రాస్తే పురుగుమందులు మొదలుకుని వరసగా చూస్తూ పోతారు. గుర్తు తెలియని శవం, అడిగే బంధువు లేడు, తలుపు లోపల గడియ. ఎవరు తొందరపడతారు?

ఇంకో ముక్క. శవ పంచనామా అప్పట్లో సీఆర్‌పీసీ 174 కింద. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే, లేదా ఆమె మరణం అనుమానాస్పదంగా ఉన్నా, బంధువులు అడిగినా, శవాన్ని తప్పనిసరిగా డాక్టరుకు పంపాలని 174(3) చెప్తుంది. మెజిస్ట్రేటు విచారణ కూడా ఉంటుంది. కొత్త పెళ్ళికూతురి బట్టల్లో ఉన్న శవాన్ని చూసి ఏ ఒక్క ఎస్‌ఐకీ ఈ క్లాజు గుర్తు రాకపోవడం... సిరీస్ ఈ ప్రశ్న వెయ్యలేదు. వేస్తే ఒక మంచి ఎపిసోడ్ అయ్యేది. (ఇప్పుడైతే, 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194.)

అగ్గిపుల్ల:

మరి అన్ని జిల్లాల్లో అన్ని శవాలు దొరికితే కంప్యూటర్లో దొరకవా? దేశంలోని పోలీసు స్టేషన్ల రికార్డులను కలిపే సీసీటీఎన్‌ఎస్ అని ఉందిగా.

స్టేషన్‌రైటర్:

ఉంది. కానీ కనపడనివాళ్ళ జాబితా ఒకచోట, గుర్తు తెలియని శవాల జాబితా ఇంకోచోట. రెండిటినీ కలపాలంటే రెండువైపులా ఎంట్రీ ఉండాలి. ఇక్కడ ఇంటివాళ్ళు ఫిర్యాదే ఇవ్వలేదు. లేచిపోయింది, పరువు పోయింది, వెతకొద్దు అనుకున్నారు. ఎంట్రీ లేని మనిషిని ఏ కంప్యూటరూ వెతకదు. శవం వైపు ఎంట్రీ ఉన్నా వయసు, ఎత్తు అంచనాగా రాసేస్తారు. క్లెయిమ్ చేసేవాళ్ళు లేకపోతే సాధారణంగా 72 గంటలు ఉంచి అంత్యక్రియలు చేయించేస్తారు. ఆ తర్వాత మిగిలేది ఒక ఫోటో, ఒక బట్టల మూట.

అందుకే కేసును ఫోన్ రికార్డుల మీద నడిపించారు. మాయమైన అమ్మాయికి చివర వచ్చిన కాల్, అంతకుముందు మాయమైన ఇంకో అమ్మాయి నంబరు నుంచి. అలా గొలుసు. ఇక్కడ ఒక చిన్న సవరణ: కాల్ రికార్డులు ఎస్‌ఐ అడిగితే కంపెనీ ఇవ్వదు, ఎస్పీ, ఆ పై స్థాయి నుంచి వెళ్ళాలి. 2021 చివరిదాకా కంపెనీలు ఏడాది రికార్డే దాచాల్సి ఉండేది, తర్వాత రెండేళ్ళు చేశారు. అంతకంటే పాత గొలుసు పట్టాలంటే కొత్త కేసు నుంచి వెనక్కి అల్లుకుంటూ పోలేం, మధ్యలో తెగిపోతుంది. సిరీస్ ఆ ఇబ్బందిని చాలా తేలిగ్గా దాటేసింది.

నీలిజెండా:

స్టేషన్‌రైటర్ గారూ, చచ్చిపోయినవాళ్ళలో దళిత స్త్రీలున్నారు. అట్రాసిటీ చట్టం ఎందుకు పెట్టలేదు?

స్టేషన్‌రైటర్:

మంచి ప్రశ్న, దీనికి జవాబు కథకే తలనొప్పి. పదేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాన్ని, బాధితురాలు ఎస్సీ అని తెలిసి చేస్తే 3(2)(వి) కింద యావజ్జీవం. "తెలిసి" అన్నమాట 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో చేరింది. ఆనంద్ ఆ అమ్మాయిల కులం తెలుసుకున్నాకే కథలు అల్లాడు కాబట్టి "తెలిసి" అన్నది నిరూపించొచ్చు.

కానీ ఆ చట్టం పెట్టిన మరుక్షణం 1995 నియమాల్లో 7వ నియమం వస్తుంది. దర్యాప్తు అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. అంటే దళితులకు న్యాయం కోసం చేసిన చట్టాన్ని వాడితే, దళిత ఎస్‌ఐ చేతిలోంచి కేసు పోతుంది! ఇది దాచిపెట్టకుండా కథలోకి తెచ్చి ఉంటే అంజలి ఏం చేసేదో చూడాలనిపిస్తుంది. అలాగే సెక్షన్ 4 ఉంది: ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి కావాలని విధి నిర్వహించకపోతే ఆరు నెలల నుంచి ఏడాది జైలు. మురళిని తిప్పి పంపినవాళ్ళ మీదకు చూపించదగ్గ సెక్షన్. సిరీస్ అటు వైపు తొంగి చూడలేదు. సిస్టమ్‌లో లోపం అంటుంది గానీ ఫలానా మనిషి బాధ్యుడు అనదు.

నీలిజెండా:

సరిగ్గా అదే నా ఫిర్యాదు. ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) దేవీలాల్ సింగ్ (గుల్షన్ దేవయ్య) మంచివాడు, కూతురిని ఢిల్లీ పోటీకి పంపిస్తాడు, అంజలికి అండగా ఉంటాడు. అదే స్టేషన్లోని పార్ఘీ (సోహమ్ షా) అసూయతో మొదలై మారతాడు. అగ్రకుల మగ పోలీసులు మారడానికి కావలసినంత తెర సమయం దొరికింది. మురళికి దొరికిందెంత? చెల్లెలు పోయినవాడు, అబద్ధం చెప్పడానికి సిగ్గుపడినవాడు, కథకు తాళంచెవి ఇచ్చినవాడు. పని అయిపోగానే పక్కన పెట్టేశారు.

చనిపోయిన ఆడవాళ్ళూ అంతే. ఒక్కొక్కరూ ఒక ఫోటో, ఒక చివరి కాల్, ఒక ఎర్ర చీర. వాళ్ళకు పెళ్ళి తప్ప వేరే కోరిక ఏముండేదో ఒక్కరి గురించైనా తెలియాలి కదా.

రీల్‌కత్తెర:

పార్ఘీ విషయంలో కొంచెం ఒప్పుకోలేను. గర్భవతి అయిన భార్యతో, ఇలాంటి లోకంలోకి బిడ్డను తేవాలా అని గింజుకోవడం ఆ కేసు అతని మీద వేసిన ముద్ర. మారిన మంచివాడిగా చూపించలేదు, బెదిరినవాడిగా చూపించారు. ఫోటోల మాట మాత్రం ఒప్పుకుంటున్నా. ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కోటీ గంటకు అటూ ఇటూ. ఆనంద్ ఇంటి గొడవలు, భార్య, తమ్ముడు, నాన్న అంటూ ఖర్చు పెట్టినదాంట్లో సగం ఇద్దరు ముగ్గురు బాధితుల ఇళ్ళకు పెట్టొచ్చు. హంతకుణ్ణి ముందే చూపించిన కథల్లో వచ్చే జబ్బే ఇది, కెమెరా వాడి ఇంట్లోనే కాపురం పెడుతుంది.

మరుభూమి:

కట్నం గురించి ఒక లెక్క. మండావా ఉన్నది ఝుంఝునూ జిల్లాలో. 2011 జనాభా లెక్కల్లో ఆ జిల్లాలో ఆరేళ్ళలోపు వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 837. రాష్ట్రం సగటు 888. ఆడపిల్లలు అంత తక్కువున్న చోట వరకట్నం తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గదు. అదే కులంలో, తమ స్థాయికి మించిన సంబంధమే కావాలంటే కింది మెట్టు మీద ఉన్న అమ్మాయికి ఎప్పుడూ వరుడు కరువే. సంబంధం దొరకని అబ్బాయిలు వేరే రాష్ట్రాల నుంచి డబ్బిచ్చి పిల్లను తెచ్చుకుంటారు తప్ప ఊళ్ళో పేదింటి అమ్మాయిని కట్నం లేకుండా చేసుకోరు. ఆనంద్ నిలబడింది సరిగ్గా ఆ సందులో: "కట్నం వద్దు, మీవాళ్ళు ఒప్పుకోరు, వచ్చెయ్." తండ్రికి అప్పు తప్పుతుంది, అమ్మాయికి పెళ్ళవుతుంది. అందుకే ఎవరూ వెతకలేదు. సిరీస్ దీన్ని ఎవరి నోటా చెప్పించకుండా ఇళ్ళల్లో మౌనంతోనే చూపించింది. అక్కడ పూర్తి మార్కులు.

అగ్గిపుల్ల:

చివరి ప్రశ్న. ఆ పేరు మార్పు అంత సులువా? ఒక ఫారం ఇచ్చేసి అయిపోయినట్టు చూపించారు.

స్టేషన్‌రైటర్:

అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, గెజిట్‌లో ప్రచురణ. ప్రభుత్వోద్యోగి కాబట్టి శాఖకు దరఖాస్తు పెట్టి, గెజిట్ కాపీతో సర్వీసు పుస్తకంలో మార్పు రాయించుకోవాలి. ఆ తర్వాత జీతం ఖాతా, ఆధార్, పాన్, గుర్తింపు కార్డు, ఛాతీ మీద నేమ్‌ప్లేటు. కులపత్రంలో పాత పేరు ఒకటి, కొత్తది ఒకటి ఉంటే దాన్నీ కలిపించుకోవాలి. నెలలు పడుతుంది. ఇంకో చిక్కుంది: ఈ కేసులో అప్పటికే ఆమె సంతకం చేసిన పంచనామాలు, వాంగ్మూలాలు అన్నీ "అంజలి భాటీ" పేరుతోనే ఉంటాయి. విచారణలో బోనెక్కినప్పుడు "గతంలో భాటీ, ప్రస్తుతం మేఘ్‌వాల్" అని రికార్డులో చెప్పాలి, గెజిట్ కాపీ దాఖలు చెయ్యాలి.

నీలిజెండా:

అంటే డిఫెన్స్ లాయరు ఆమె కులం మీద మొదటి ప్రశ్న వెయ్యడానికి అక్కడే అవకాశం. రెండో సీజన్ తీస్తే కోర్టులో మొదలుపెట్టమనండి.